మూలం నుండి కంపైలరు: మార్గదర్శక పత్రాన్ని దిద్దే విధానం

కంప్యూటరుకు తెలిసిన భాష ఒక్కటే. అది సున్నలు, ఒకట్లు కలిసిన యంత్రభాష. మానవుడు ఆ భాషలో దీర్ఘకాలం వ్రాయజాలడు. వ్రాసినా మరొకరు దానిని చదివి సరిదిద్దజాలరు. ఈ కారణం చేతనే మనుషులు చదువుకోదగిన ప్రోగ్రాము భాషలు పుట్టాయి. అటువంటి భాషలో వ్రాసిన దానిని యంత్రభాషలోనికి మార్చే ప్రోగ్రామును కంపైలరు అంటారు. 1952లో గ్రేస్ హాపర్ రూపొందించిన ఏ-సున్న అనే ప్రోగ్రాము ఈ మార్గంలో తొలి మెట్లలో ఒకటి. 1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలరును వెలువరించింది. 1987 మార్చిలో రిచర్డ్ స్టాల్మన్ జి.సి.సి. అనే కంపైలరును మూలంతో సహా ప్రజలకు విడుదల చేశాడు. మొదట 'గ్ను సి కంపైలరు' అనే అర్థంలో ఉన్న ఆ పేరు, అది పలు భాషల కంపైలర్ల సముదాయంగా ఎదిగిన తర్వాత, 1999లో 'గ్ను కంపైలర్ కలెక్షన్' అయింది.

కంపైలరు లోపల ఏమి జరుగుతుందో ఈ వ్యాసంలో చెప్పబోవడం లేదు. అందుకు ఆహో, సేథీ, ఉల్మన్ 1986లో ప్రకటించిన గ్రంథం వంటివి ఉన్నవి. ఇక్కడి విషయం దానికంటె చిన్నది, కాని విద్యార్థికి ముందుగా ఎదురయ్యేది. కంపైలరును దాని మూలం నుండి స్వయంగా నిర్మించుకొనదలచిన వాని చేతిలో ఒక మార్గదర్శక పత్రం ఉంటుంది. ఆ పత్రాన్ని ఎట్లు దిద్దవలెను అన్నదే ప్రశ్న.

సిద్ధరూపంలో దొరికే కంపైలరు ఉండగా మూలం నుండి నిర్మించడమెందుకని కొందరడుగవచ్చు. ప్రయోగశాల యంత్రాలలో ఉన్నది పాత వెర్షను కావచ్చు. మరొక రకం ప్రాసెసరు కొరకు, ఉదాహరణకు చిన్న నియంత్రణ యంత్రాలలోని చిప్పు కొరకు, ప్రత్యేక కంపైలరు కావలసి రావచ్చు. అన్నింటికంటె ముఖ్యంగా, కంపైలరులో ఒక్క పంక్తి మార్చి ఫలితం చూడదలచిన విద్యార్థి దానిని నిర్మించక తప్పదు. బొంబాయి ఐ.ఐ.టి.లోని జి.సి.సి. రిసోర్స్ సెంటరు తరఫున ఆచార్య ఉదయ్ ఖేడ్కర్ నిర్వహించిన శిక్షణ శిబిరాలు ఈ ఉద్దేశంతో జరిగినవే. పెద్ద నగరంలో అటువంటి శిబిరం, ప్రక్కన కూర్చొని చెప్పే సీనియరు ఉంటారు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలోని విద్యార్థికి చాలసార్లు పత్రమే గురువు. గురువు ఒక మాట మింగేస్తే శిష్యునికి ఒక రాత్రి వృథా అవుతుంది.

జి.సి.సి.తో పాటు వచ్చే అధికారిక పత్రం మూలంలోనే ఒక ఫైలుగా ఉన్నది. దానిని టెక్సిన్ఫో అనే పద్ధతిలో వ్రాస్తారు. ఒకే ఫైలు నుండి అచ్చు ప్రతి, తెరపై చదివే ప్రతి రెండూ తయారవుతాయి. ముందుగా కావలసినవి, దిగుమతి, అమరిక, నిర్మాణం, పరీక్ష, తుది స్థాపన అనే వరుసలో దాని అధ్యాయాలు నడుస్తాయి. వరుస మెచ్చుకోదగినది. అయితే అది ప్రపంచంలోని అనేక రకాల యంత్రాలకు ఉమ్మడి పత్రం. మన ప్రయోగశాలలోని ఒక రకం యంత్రానికి అందులో పనికివచ్చేది కొంతే. కనుక మన సంపాదకునికి రెండు పనులు ఉన్నవి. ఉమ్మడి పత్రం నుండి మన యంత్రానికి సరిపడే చిన్న పత్రం తీయడం ఒకటి. తీసేటప్పుడు దాని కట్టుదిట్టం చెడకుండా చూడడం రెండవది. రెండవదే కష్టం.

తోడు సంగతి

జి.సి.సి. మూలం నేడు ప్రధానంగా సి ప్లస్ ప్లస్ భాషలో ఉన్నది. దానిని యంత్రభాషలోనికి మార్చడానికి మరొక సి ప్లస్ ప్లస్ కంపైలరు కావాలి. క్రొత్తగా చదివేవాడు ఇక్కడనే ఆగిపోతాడు. కంపైలరు కోసమే కదా ఈ శ్రమ, ముందే కంపైలరు ఉండాలంటే ఎట్లు? మన ఇండ్లలో దీనికి జవాబు ఉన్నది. పాలు పెరుగు కావాలంటే కొంచెం పెరుగే కావాలి. తెలుగువారు దానిని తోడు అంటారు, ఉర్దూ మాట్లాడేవారు జామన్ అంటారు. యంత్రంలో ముందే ఉన్న కంపైలరు తోడు వంటిది.

తోడు ఎంత క్రొత్తదై ఉండాలి అన్నది పత్రంలో స్పష్టంగా ఉండవలసిన మొదటి విషయం. జి.సి.సి. 4.8 వెర్షను 2013లో వచ్చింది. అంతకు ముందరి వాటిని సాధారణ సి కంపైలరుతో నిర్మించవచ్చు. 4.8 మొదలుకొని సి ప్లస్ ప్లస్ కంపైలరు తప్పనిసరి. 11వ వెర్షను నుండి 2011 నాటి సి ప్లస్ ప్లస్ ప్రమాణం తెలిసిన కంపైలరు కావాలి. ఆ తర్వాత ఈ షరతు ఇంకా ముందుకు జరిగింది. అందువల్ల చాల పాత యంత్రంపై నేటి వెర్షనును నేరుగా నిర్మించడం సాధ్యం కాదు. పాత దానితో మధ్య వెర్షనును, దానితో క్రొత్తదానిని మెట్టుమెట్టుగా కట్టుకొంటూ రావాలి. 'యంత్రంలో కంపైలరు ఉండవలెను' అని మాత్రమే వ్రాసి ఊరుకొన్న పత్రం అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

తర్వాత మూడు దశలు. మామూలు పద్ధతిలో నిర్మాణం సాగేటప్పుడు జి.సి.సి. తనను తాను మూడుసార్లు కట్టుకొంటుంది. యంత్రంలో ఉన్న పాత కంపైలరు మొదటి దశ కంపైలరును తయారు చేస్తుంది. ఆ మొదటి దశది అదే మూలాన్ని మరల మార్చి రెండవ దశను, రెండవది మూడవ దశను తయారు చేస్తాయి. మొదటిది పరాయి కంపైలరు చేతిలో తయారైనది గనుక రెండవదానితో అక్షరాలా పోలకపోవచ్చు. కాని రెండవదాన్ని, మూడవదాన్ని తయారు చేసినవి ఒకే మూలపు అర్థం కలిగిన కంపైలర్లు. కనుక ఆ రెండూ ఒకటిగా ఉండవలెను. నిర్మాణం చివర ఈ రెండింటిని పోల్చి, తేడా ఉంటే పని నిలిపివేస్తారు. ఇది ఎంతో అందమైన పరీక్ష. అయినా పత్రంలో దీనిని గురించి ఒక్క వాక్యం లేకపోతే ఏమవుతుందో ఊహించండి. తెరపై అవే ఫైళ్ళ పేర్లు రెండవసారి, మూడవసారి రావడం చూచి, యంత్రం ఒకే చోట తిరుగుతున్నదని తలచి విద్యార్థి పని ఆపివేస్తాడు. రెండు గంటల శ్రమ నీటిపాలు. 'ఇవే పేర్లు మూడుసార్లు కనిపించును. భయపడనక్కరలేదు' అన్న ఒక పంక్తి దానిని కాపాడుతుంది.

(ఇక్కడొక ప్రక్కమాట. 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ ఉపన్యాసంలో కెన్ థాంప్సన్, తోడులోనే దోషముంటే ప్రతి తరం పెరుగులోను అది దాగి ఉండగలదని, కంపైలరు మూలంలో ఎక్కడా కనిపించకుండా కొనసాగగలదని చూపినాడు. పైన చెప్పిన పోలిక పరీక్ష అటువంటి మోసాన్ని పట్టలేదు. పెరుగు ఉపమానం నాది, ఆయనది కాదు.)

వరుస, స్థలం

జి.సి.సి.కి జి.ఎం.పి., ఎం.పి.ఎఫ్.ఆర్., ఎం.పి.సి. అనే మూడు గణిత లైబ్రరీలు కావాలి. రెండవదానికి మొదటిది ఆధారం. మూడవదానికి మొదటి రెండూ ఆధారం. వేరువేరుగా కట్టుకొనేటప్పుడు ఈ వరుస తప్పరాదు. పడుగు సాచకుండా పేక నేయలేమని ఎమ్మిగనూరు వారికి చెప్పనక్కరలేదు. 'ఈ క్రింది మూడు లైబ్రరీలను స్థాపించవలెను' అని వ్రాసి వాటిని అకారాది క్రమంలో పేర్చిన సంపాదకుడు చూపులకు చక్కగా, వాడకానికి ప్రమాదంగా వ్రాసినట్లే. ఇంకొక చిక్కు ఉన్నది. లైబ్రరీ యంత్రంలో ఉన్నంత మాత్రాన చాలదు. దానిని ఉపయోగించి క్రొత్త ప్రోగ్రాములు కట్టడానికి కావలసిన హెడరు ఫైళ్ళు వేరే ప్యాకేజీలో వస్తాయి. 'నా యంత్రంలో ఉన్నదే, లేదంటున్నదేమి?' అన్న విద్యార్థి ప్రశ్నకు ఇదే చాలసార్లు జవాబు. ఈ గొడవ లేకుండా మూడింటిని తెచ్చి తగిన చోట పెట్టే చిన్న స్క్రిప్టు జి.సి.సి. మూలంతోనే వస్తుంది. దానిని మూలపు పై డైరెక్టరీలో నిలబడి నడపాలి. 'నిలబడి' అన్న మాటను పత్రం నుండి ఎవరూ తీసివేయకూడదు. ఏ డైరెక్టరీలో ఉన్నాము అన్నది ప్రతి కమాండుకు ముందు తెలియవలసిన విషయం.

మూలం ఉన్న డైరెక్టరీ వేరు, నిర్మాణం జరిగే డైరెక్టరీ వేరుగా ఉండాలని అధికారిక పత్రం గట్టిగా సిఫారసు చేస్తుంది. మూలం లోపలనే ఒక ఉపడైరెక్టరీ చేసి అందులో నిర్మించడాన్ని వారు అసలు సమర్థించరు. దీని విలువ మన ప్రాంతంలో మరింత ఎక్కువ. నిర్మాణం మధ్యలో కరెంటు పోయిందనుకొందాం. మేక్ అనే ప్రోగ్రాము ఫైళ్ళ సమయాలను చూచి ఏది పూర్తి అయినదో నిర్ణయిస్తుంది. సగం వ్రాసిన ఫైలు, లేదా పూర్తిగా ఖాళీ ఫైలు, క్రొత్త సమయంతో డిస్కులో మిగిలి ఉంటే అది పూర్తయిన పనిగానే మేక్ భావిస్తుంది. కరెంటు వచ్చిన తర్వాత పని సాగినట్లే సాగి, చాలసేపటికి ఎక్కడో సంబంధం లేనట్లు కనిపించే తప్పు వస్తుంది. అప్పుడు నిర్మాణ డైరెక్టరీని తుడిచివేసి మొదటి నుండి ప్రారంభించడమే తక్కువ శ్రమ. మూలం వేరే చోట భద్రంగా ఉన్నది గనుక మరల దిగుమతి చేసుకొనే ఖర్చు లేదు. ఈ రెండు వాక్యాలను ఉమ్మడి పత్రంలో వెదకనక్కరలేదు. మన పత్రంలో మనమే చేర్చుకోవాలి.

ఒక పేరాను దిద్ది చూద్దాం. అభ్యాసం కొరకు ఇట్లా వ్రాశాననుకోండి: 'లైబ్రరీలను స్థాపించి, మూలాన్ని విప్పి, అందులోనికి పోయి కాన్ఫిగర్ నడిపి, మేక్ చేయవలెను. తర్వాత స్థాపించవలెను. డిస్కులో చాలినంత జాగా లేనిచో పని ఆగిపోవును. 32 బిట్ల లైబ్రరీలు లేనిచో ఆ ఎంపికను తొలగించవలెను.' వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా ఇది పనికిరాదు. 'అందులోనికి' అంటే మూలంలోనికా, నిర్మాణ డైరెక్టరీలోనికా? 'ఆ ఎంపిక' అంటే ఏది? జాగా గురించిన హెచ్చరిక మేక్ తర్వాత వచ్చింది. జాగా నిండిన తర్వాత చదివే హెచ్చరిక హెచ్చరిక కాదు. చివరి వాక్యం మరీ అన్యాయం. 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రంలో 32 బిట్ల సి లైబ్రరీకి సంబంధించిన ఫైళ్ళు లేకపోతే, బహుళ లైబ్రరీలు వద్దని తెలిపే ఎంపికను కాన్ఫిగర్‌కు ముందే ఇవ్వాలి. పూర్వపు వెర్షన్లలో ఇది తెలియక గంటల తర్వాత ఒక హెడరు ఫైలు దొరకలేదన్న సందేశంతో పని నిలిచిపోయేది. తర్వాత జి.సి.సి. నిర్మాతలు ఆ పరీక్షను కాన్ఫిగర్ దశకే తెచ్చి, ఏ ఎంపిక ఇవ్వాలో సందేశంలోనే చెప్పించారు. మంచి సంపాదకుడు కాగితంపై చేయవలసిన పనిని వారు ప్రోగ్రాములోనే చేశారు: హెచ్చరికను ముందుకు జరిపారు.

దిద్దిన తర్వాత అది ఇట్లుంటుంది: 'డిస్కులో అనేక గిగాబైట్ల ఖాళీ ఉన్నదో లేదో మొదట చూడవలెను. మూలాన్ని విప్పవలెను. మూలపు డైరెక్టరీలో నిలిచి లైబ్రరీలు తెచ్చే స్క్రిప్టును నడపవలెను. మూలానికి వెలుపల, నిర్మాణం అనే పేరుతో ఖాళీ డైరెక్టరీ చేసి, అందులోనికి పోవలెను. 32 బిట్ల లైబ్రరీలు లేని యంత్రమైతే బహుళ లైబ్రరీలు వద్దనే ఎంపికతో, ఉన్నదైతే ఆ ఎంపిక లేకుండా, మూలంలోని కాన్ఫిగర్‌ను ఇక్కడి నుండి పిలువవలెను. కాన్ఫిగర్ తప్పు లేకుండా ముగిసిన తర్వాతనే మేక్ చేయవలెను.' పొడవు పెరిగింది. పెరగనిండు.

గీతలు, దిశలు

పత్రంలోని కమాండును అచ్చువేసే విధానం ఉర్దూ, తెలుగు రెండింటిలో వ్రాసేవారికి ప్రత్యేకమైన సమస్య. కాన్ఫిగర్‌కు ఇచ్చే ఎంపికలు రెండు చిన్న అడ్డగీతలతో మొదలవుతాయి. వ్యాసాలు వ్రాసుకొనే వర్డు ప్రోగ్రాములు ఆ రెండింటిని కలిపి ఒక పొడవు గీతగా అందంగా మారుస్తాయి. ఆ గీతను ఎత్తి కమాండులో అతికించిన వాని గతి ఏమి? కాన్ఫిగర్ దానిని ఎంపికగా గుర్తించదు. అది యంత్రం రకాన్ని తెలిపే పేరు కాబోలని తలచి, ఆ రకం చెల్లదని ఫిర్యాదు చేస్తుంది. గీత పొడవు గురించి ఒక్క మాట కూడ అనదు. నిలువు ఉల్లేఖన చిహ్నాలు వంకర చిహ్నాలుగా మారడం వల్ల కూడ ఇటువంటి నష్టమే. కమాండులు ఉన్న పత్రాన్ని సాదా టెక్స్టు ఎడిటరులోనే వ్రాయవలెనని నా అభిప్రాయం.

ఉర్దూలో చిక్కు మరింత సూక్ష్మం. వాక్యం కుడి నుండి ఎడమకు, కమాండు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. అడ్డగీతకు, వాలుగీతకు స్వంత దిశ అంటూ బలంగా లేదు. అవి చుట్టూ ఉన్నదాని దిశను అనుసరిస్తాయి. ఉర్దూ వాక్యం మధ్యలో రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఎంపికను పెడితే, ఆ గీతలు వాక్యపు దిశను పట్టుకొని మాటకు కుడి ప్రక్కకు చేరుతాయి. ఆంగ్లపద్ధతిలో చదివేవానికి అవి మాట వెనుక ఉన్నట్లు తోస్తుంది. వాలుగీతతో మొదలయ్యే డైరెక్టరీ దారి కూడ అంతే. మొదటి వాలుగీత ఉంటే అది అన్నింటికి మూలమైన డైరెక్టరీ నుండి లెక్కించే సంపూర్ణమైన దారి. అది చివరకు జరిగినట్లు కనిపిస్తే అసంపూర్ణమైన దారిగా చదువుకొంటాము. స్థాపన స్థలంగా అటువంటి దారిని ఇస్తే, సంపూర్ణమైన డైరెక్టరీ పేరు కావాలని కాన్ఫిగర్ ఆగిపోతుంది. విచిత్రమేమంటే ఫైలులో అక్షరాల వరుస సరిగానే ఉన్నది. తెరపైన కనిపించడమే తారుమారు. అందుచేత ఎత్తి అతికించినవానికి పని జరుగుతుంది, అచ్చు కాగితం చూచి టైపు చేసినవానికి జరుగదు. ఇద్దరూ ఒకే పత్రం చదివినామని ప్రమాణం చేసి తగవులాడుకొంటారు! 2013లో వెలువడిన యూనికోడ్ 6.3లో ఇటువంటి ముక్కలను వేరుపరచే అదృశ్య చిహ్నాలు చేర్చారు. కాని విద్యార్థులకు నేను చెప్పేది తేలిక మార్గం: కమాండును ఎన్నడూ ఉర్దూ వాక్యం మధ్యలో పెట్టవద్దు. దానికి ప్రత్యేకంగా ఒక పంక్తి ఇచ్చి, ఆ పంక్తిని ఎడమ నుండి కుడికి అమర్చండి. తెలుగు పత్రానికి ఈ చిక్కు లేకున్నా అదే పద్ధతి పాటించడం మంచిది. ఈ వ్యాసంలో పేర్లను తెలుగు లిపిలో వ్రాసింది చదువుకొనే సౌలభ్యం కొరకే. యంత్రం ముందు కూర్చొని చదివే పత్రంలో మాత్రం కమాండులు, ఫైళ్ళ పేర్లు, యంత్రం ఇచ్చే సందేశాలు వాటి అసలు అక్షరాలలోనే ఉండాలి. సందేశానికి అర్థం క్రింద మన భాషలో చెప్పవచ్చు. సందేశాన్నే అనువదిస్తే, తెరపై కనిపించినదానిని విద్యార్థి పత్రంలో వెదికి పట్టుకోలేడు.

మరి పరిభాష? 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా, ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చి పదాలు సృష్టించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో అదే విధమైన శ్రమ చేసింది. ఆ కృషి పట్ల గౌరవంతోనే చెబుతున్నాను: పాఠ్యగ్రంథానికి తగిన పదం కమాండుల పత్రానికి తగకపోవచ్చు. కంపైలరును కంపైలరనే అందాం. 'మూలం', 'నిర్మాణం', 'దశ' వంటి తేట మాటలు ఎవరికైనా తెలుస్తాయి, వాటిని వాడుదాం. ఏది వాడినా ఒక వస్తువుకు ఒకే మాట పత్రమంతటా ఉండాలి. ఒకచోట 'స్థాపించు', మరొకచోట 'నెలకొల్పు', ఇంకొకచోట 'అమర్చు' అని శైలి కొరకు మార్చితే, ఇవి మూడు వేర్వేరు పనులేమోనని చదువరి తికమకపడతాడు. కవిత్వంలో పునరుక్తి దోషం, ఇక్కడ గుణం.

వేర్వేరు వెర్షన్ల సూచనలను కలిపి కుట్టడం మరొక పెద్ద దోషం. కడపలో సి.పి. బ్రౌన్ ఒక కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, పాఠాంతరాలు గుర్తింపజేశాడు. ఏ పాఠం ఏ ప్రతిలోనిదో తెలియడం ఆ పద్ధతికి ప్రాణం. మన పత్రంలో మాత్రం 4.7 కాలపు ఒక సూచన, నిన్నటి వెర్షనుకు చెందిన మరొక సూచన ప్రక్కప్రక్కన కూర్చుంటాయి. ఏది ఎప్పటిదో ఎవరూ వ్రాయరు. రెండూ విడివిడిగా నిజాలే, కలిసినప్పుడు పనిచేయవు.

కళాశాల సంఘం వారికి ఒక మనవి. ప్రయోగశాలలో ఒక యంత్రాన్ని ఈ పనికి కేటాయించి, ఒక విద్యార్థి వ్రాసిన పత్రాన్ని దానితో ఏ సంబంధమూ లేని మరొక విద్యార్థి చేత, మాట సాయం లేకుండా, అక్షరాలా అనుసరింపజేయవలెను. వ్రాసినవాడు వెనుక నిలబడి చూడవచ్చు కాని నోరు విప్పరాదు. చదివేవాడు ఎక్కడ ఆగి తల ఎత్తుతాడో అక్కడ పత్రంలో లోటు ఉన్నట్లే. ఖర్చు లేని ఈ పరీక్షకు సమానమైన మరొక పరీక్ష నాకు కనిపించదు.

నిర్మాణం ముగిసిన తర్వాతి భాగంలో పత్రాలు సాధారణంగా తొందరపడతాయి. పరీక్షలు నడపాలంటే డెజాగ్ను అనే మరొక ప్రోగ్రాము కావాలని ముందే చెప్పాలి. ఫలితాలలో 'ఊహించిన వైఫల్యం' వేరు, 'ఊహించని వైఫల్యం' వేరు; మొదటివి ఎన్ని ఉన్నా దిగులులేదు, రెండవవి కొన్ని ఉన్నంత మాత్రాన కంపైలరు చెడిపోయినట్లు కాదు. తుది స్థాపన విద్యార్థి స్వంత డైరెక్టరీలోనే జరగాలి. యంత్రంలోని అసలు కంపైలరుపై క్రొత్తదానిని ఎన్నడూ రుద్దరాదు. స్థాపించిన తర్వాత కూడ జి.సి.సి. అని పిలిస్తే పాతదే పలుకవచ్చు. యంత్రం డైరెక్టరీలను ఒక వరుసలో వెదుకుతుంది, పాతది ఆ వరుసలో ముందున్నది. కనుక వెర్షను అడిగే కమాండును పత్రంలో చివరి మెట్టుగా ఉంచి, రావలసిన సంఖ్యను దాని ప్రక్కనే అచ్చువేయాలి. దాని క్రింద ఈ పత్రాన్ని ఏ తేదీన, ఏ యంత్రంపై, ఏ పాత కంపైలరుతో, ఏ వెర్షను కొరకు పరీక్షించినారో నాలుగు పంక్తులు. తర్వాతి సంవత్సరం విద్యార్థులు మొదట చూచేది ఆ నాలుగు పంక్తులనే.